ఇన్నయ్యకి రావలసిన కార్డు

మా చర్చి సంఘంలో ఏ వంకర పని జరిగినా జనం ముందు నా మొహమే చూస్తారు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి పెట్టుడు గడ్డానికి మిరప్పొడి రాసిందెవరంటే ప్రభుదాసు. పెళ్లి భోజనాల దగ్గర వియ్యంకుడి చెప్పులు వేపకొమ్మకి వేలాడుతున్నాయంటే ప్రభుదాసు. వాటిలో నేను చేయనివీ కొన్ని ఉన్నాయి. కాదని ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పినా నమ్మరు, పైగా నాకు అదో గొప్ప.

గురజాల సెంటర్లో గులాం మొహిద్దీన్ గారి ప్రింటింగ్ ప్రెస్సులో పాతికేళ్లుగా కటింగ్ మిషన్ మీద పనిచేస్తున్నాను. ఏడో తరగతి దగ్గర బడి మానేశాను గానీ ఈ ఊరి పెళ్లిళ్లు, చావులు, ఎలక్షన్లు అన్నీ నా చేతి కింద కాగితాలై తెగినవే. మా గుడికి కావలసిన వాగ్దాన కార్డులు కూడా అక్కడే అచ్చవుతాయి.

మా గుళ్లో జనవరి ఒకటో తారీకు పొద్దున ఆరాధన అయ్యాక ఈ కార్డులు తీయిస్తారు. అరచేతిలో సగం ఉంటుంది కార్డు. చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో ఒక వాక్యం. స్టీలు పళ్లెంలో బోర్లా పేర్చి మీద తెల్లగుడ్డ కప్పుతారు. ఒక్కొక్కరూ వచ్చి, కళ్లు మూసుకుని, గుడ్డ కింద చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. చేతికి ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు తనతో చెప్పిన మాట. ఫ్రిజ్‌కి అంటించుకుంటారు, ఫోన్లో పెట్టుకుంటారు, సంవత్సరం పొడుగునా దాన్నే పట్టుకుని ప్రార్థన చేస్తారు. వాటిలో చెడ్డ మాట ఒక్కటి కూడా ఉండదు. ఉండకుండా మా పాస్టరు అయ్యగారే ఏరి రాసిస్తారు.

ఇక ఇన్నయ్య గారు. సంఘ పెద్ద, రిటైరైన టీచరు, అరవై ఎనిమిదేళ్ల మనిషి. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. తుమ్ము వచ్చినా బీపీ చూసుకుంటాడు. మిషన్ కొని ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అందరికంటే ముందు లేచి వెళ్లి పళ్లెంలో కుడిపక్క మొదటి కార్డు తీసుకోవడం ఆయన అలవాటు. తీసి, మైకులో చదివి, దేవుడు తన ఒక్కడికే సంతకం పెట్టి ఇచ్చినట్టు మా వైపు చూస్తాడు. మొన్న డిసెంబరులో నాటకం కమిటీ కూర్చున్నప్పుడు ఈ ప్రభుదాసుకి గాడిద వేషం కూడా ఇవ్వొద్దన్నాడు. వెనక కాళ్లయినా ఇమ్మని అడిగాను. వెనక కాళ్లే ప్రమాదం అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మనసులో పెట్టుకున్నాను.

ఆ వారంలోనే శుక్రవారం మా ప్రెస్సు సాయిబు గారు జుమ్మా నమాజుకి వెళ్లిన గంటలో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వేలితో కొట్టుకుంటూ ఇన్నయ్య కోసం ఒక కార్డు తయారు చేశాను. పూర్వం జబ్బుపడిన ఒక రాజుకి ప్రవక్త వచ్చి చావు కబురు చెప్పిన సంగతి అయ్యగారు ఒకసారి ప్రసంగించారు. ఆ మాట నాకు గుర్తున్నంతలో రాశాను. "నీ ఇల్లు చక్కబెట్టుకొనుము. నీ దినములు ముగియవచ్చినవి." అదే అట్ట, అదే అంచు, అవే అక్షరాలు. రెండు కాపీలు తీసి ఒకటి సొరుగులో దాచుకున్నాను, తర్వాత చూపించి నవ్వుకోవడానికి. జనవరి ఒకటిన పళ్లెం సర్దే పని నాదే కాబట్టి రెండోదాన్ని కుడిపక్క, అన్నిటికన్నా పైన పెట్టాను. ఇన్నయ్య మైకు ముందు అది చదివి నోరు తెరిస్తే చాలు, నాకు ఏడాదికి సరిపడా పండగ.

సరిగ్గా అప్పుడే బిర్యానీ గుండిగ అడుగంటుతోందని నన్ను వంట షెడ్డులోకి పిలిచారు. తిరిగి వచ్చేసరికి ఇన్నయ్య గారు మైకులో ధాన్యపు కొట్లు నిండుతాయన్న వాక్యం చదువుతున్నాడు. వెనకాల జనం ఆమెన్ అంటున్నారు. నా కార్డు ఏమైందో అర్థం కాలేదు. ఆరాధన అయ్యాక పళ్లెం చూశాను. ఖాళీగా ఉంది.

భోజనాల దగ్గర మా ఆవిడ దయామణి చెప్పింది. ఈసారి అయ్యగారు వరస మార్చారట. డ్యూటీలకు వెళ్లి గుడికి రాలేకపోయిన వాళ్ల తరఫున ముందు వాళ్ల ఇంటివాళ్లు వచ్చి తీసుకోండి, ఆ తర్వాతే పెద్దలు అన్నారట. నలుగురు ఆడవాళ్లు లేచి వెళ్లారట. అందరికంటే ముందు ఎవరు తీశారని అడిగాను. తను కళ్లు మూసుకుని ఉంది, చూడలేదు. ఆ నలుగురి పేర్లు మాత్రం చెప్పింది. అందులో మా వెన్నెల ఉంది.

చేతిలో ముద్ద వదిలేసి లేచాను.

వెన్నెల మా అన్న కోడలు. మా అన్న ఆరేళ్ల కిందట దాచేపల్లి రోడ్డు మీద సున్నపురాయి లారీ కింద పడి పోయాడు. వదిన మాచర్లలో కూతురి దగ్గర ఉంటుంది. కొడుకు క్రాంతి కుమార్‌ని నేనూ దయామణీ కళ్లల్లో పెట్టుకుని ఒక దారికి తెచ్చాం. వాడిప్పుడు దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో రాయి మోసే కన్వేయర్ బెల్టు దగ్గర పనిచేస్తాడు. పెళ్లయి పదిహేను నెలలు. వెన్నెల సండే స్కూల్లో పిల్లలకి కథలు చెబుతుంది, మా ఇంటి వెనక సందులోనే కాపురం, నాలుగో నెల కడుపుతో ఉంది. ఒకటో తారీకు క్రాంతిది పొద్దుటి షిఫ్టు. అందుకే వాడి కార్డు కూడా ఆమే తీసింది.

మర్నాడు కొత్త సంవత్సరం పలకరింపుల వంకతో నాలుగు ఇళ్లూ తిరిగాను. మీ వాగ్దానం ఏదమ్మా చూద్దాం అంటే ఎవరైనా సంతోషంగా చూపిస్తారు. మూడు ఇళ్లలో రెండేసి కార్డులు, అన్నీ అయ్యగారు రాసినవే. వెన్నెల ఇంట్లో క్రాంతి తన ఫోన్ వెనక కవరులోంచి ఒకటి తీసి చూపించాడు. రాకపోకల్లో కాపాడతానన్న మాట. నా షిఫ్టుల సంగతి దేవుడికి బాగా తెలుసు బాబాయ్ అని నవ్వాడు. నీదేదమ్మా అని వెన్నెలని అడిగాను. పోయింది మామయ్యా, బిర్యానీ తినేటప్పుడు ఎక్కడో పడిపోయింది అంది. అంటూ నా వైపు చూడలేదు. స్టవ్ మీద ఏమీ లేకపోయినా దాన్ని తుడుస్తూ ఉంది.

తన మంచి కార్డు మొగుడికి ఇచ్చేసి, మొగుడి పేరున తీసిన చావు కార్డు దాచుకుంది. నాకు అక్కడే తెలిసిపోయింది. అక్కడే చెప్పి ఉంటే రెండు తిట్లతో పోయేది. చెప్పలేదు. దయామణి ఏమంటుందో, సంఘంలో నిలబెట్టి అడిగితే ఏమవుతుందో అని వెనకాడాను. నాలుగు రోజులు పోతే అమ్మాయే మర్చిపోతుందిలే అనుకున్నాను.

అమ్మాయి మర్చిపోలేదు. ఇల్లు చక్కబెట్టడం మొదలుపెట్టింది. బట్టల బీరువా ఖాళీ చేసి మళ్లీ సర్దింది. గోడకి నెర్రె ఉంటే సిమెంటు పెట్టించింది. ఒకరోజు మా ఇంటికి వచ్చి, మామగారు పోయినప్పుడు ఏ ఏ కాగితాలు అడిగారు మామయ్యా, ఎక్కడెక్కడ సంతకాలు కావాల్సి వచ్చాయి అని మెల్లిగా అడిగింది. ఊరికే తెలుసుకుందామని అంది. నేను ఏదో చెప్పాను.

సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం క్రాంతి వచ్చే ఫ్యాక్టరీ బస్సు గంటసేపు ఆలస్యమైంది. టీ కోసం ప్రెస్సులోంచి బయటికి వచ్చాను. సెంటర్లో, మందుల షాపు ముందు, ఎండలో వెన్నెల నిలబడి ఉంది. కాళ్లకి చెప్పులు లేవు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది, అవతల మోగుతున్నట్టుంది, ఎవరూ ఎత్తడం లేదు. మామూలుగా అయితే ఏదో ఒకటి అని ఏడిపించేవాణ్ణి. ఆ రోజు నేనూ రోడ్డు అవతల నిలబడి దాచేపల్లి వైపే చూశాను. ఏ లారీ కనపడ్డా మా అన్న గుర్తొచ్చాడు. బస్సు వచ్చింది. టైరు పంచరట. క్రాంతి జామకాయ కొరుక్కుంటూ దిగాడు. వెన్నెల వాణ్ణి చూసింది, మందుల షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎండలో మొహం కాగితంలా తెల్లగా ఉంది. చేతుల గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాలుగో నెల మనిషి ఒళ్లు చేయాలి గానీ ఇదేంటి అనుకున్నాను. అయినా చెప్పలేదు.

పద్దెనిమిదో తారీకు స్త్రీల సమాజంలో పాట పాడుతూ పాడుతూ వెన్నెల కూలబడింది. ఆడవాళ్లు ఆటోలో వేసుకుని ఊళ్లోనే ఉన్న నర్సింగ్ హోంకి తీసుకెళ్లారు. నేను పరుగెత్తేసరికి చేతికి సెలైన్ పెట్టి పడుకోబెట్టారు. డాక్టరమ్మ దయామణిని కోప్పడుతోంది. రక్తం బొత్తిగా లేదు, బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ తల్లి ఇట్లాగే తిండి మానేస్తే ఆ బిడ్డ నిలవడం నా చేతుల్లో లేదు అంటోంది. ఏం తినడం లేదా ఈ అమ్మాయి అని అడిగింది. మాకు తెలియదు.

నర్సు బయటికి వచ్చి చెప్పింది. సెలైన్ ఎక్కిస్తే ఉపవాసం పోయినట్టా అని ఆ పేషెంటు అడుగుతోందట.

దయామణి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఒకటో తారీకు సాయంత్రం నుంచి వెన్నెల నలభై రోజుల ఉపవాసానికి దిగింది. పొద్దున మొగుడికి కేరేజీ కట్టి పంపించి, తలుపు వేసుకుని, గోడ వైపు మొహం పెట్టి ప్రార్థన చేసేది. చీకటి పడ్డాక రెండు ముద్దలు. ఆ కార్డులోని చావు కబురు అప్పట్లో విన్న రాజు కూడా గోడ వైపు తిరిగి ఏడ్చాడు, దేవుడు ఆయనకి పదిహేనేళ్లు పొడిగించాడు. సండే స్కూల్లో ఆ కథ పిల్లలకి చెప్పేది తనే. మొగుడికి ఒక్క మాట చెప్పలేదు, చెబితే బెల్టు దగ్గర వాడి చెయ్యి వణుకుతుందని.

దయామణి తెచ్చిన ఇడ్లీలు బల్ల మీద చల్లారిపోతున్నాయి. తినమంటే పొద్దుగూకాక తింటానంటోంది. బిడ్డ సంగతి చెప్పారు. విని, కళ్లు మూసుకుంది. ఉపవాసం మధ్యలో మానేస్తే క్రాంతి దక్కడు, మానకపోతే బిడ్డ దక్కదు. ఆ పిల్ల ఆ రెండిటి మధ్య పడుకుని ఉంది. అక్కడ పడుకోబెట్టింది నేను.

అప్పుడు చెప్పాను. "ఆ కార్డు దేవుడిది కాదమ్మా. నేనేసింది. ఇన్నయ్య కోసం ఏశా, నీకొచ్చింది."

వెన్నెల కళ్లు తెరిచి, పెదాలతో కొంచెం నవ్వింది. "నా చేత ఇడ్లీ తినిపియ్యడానికి చెప్తున్నారు. మీ సంగతి నాకు తెలవదా మామయ్యా."

ఒట్టు వేశాను. నమ్మలేదు. మా అన్న మీద ప్రమాణం చేశాను. ఇంకా జాలిగా చూసింది. నేను జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ చుట్టుపక్కల వాళ్లు నమ్మారు. ఈ ఒక్క నిజం పట్టుకుని మంచం పక్కన నిలబడితే తీసుకునే మనిషి లేదు. ప్రెస్సుకి పరుగెత్తాను. సొరుగులోంచి రెండో కార్డు తీసి, సాయిబు గారిని కూడా వెంటబెట్టుకుని వచ్చాను. ఆయనకి దారిలోనే సంగతి చెప్పాను. నా షాపులోనా అని అడిగారు.

వెన్నెల దిండు కింద నుంచి తన కార్డు తీసింది. చెమటకి అంచు నలిగిపోయి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఈ అట్ట మాదే, ఈ అక్షరాలు మావేనమ్మా అని సాయిబు గారు నేల చూస్తూ చెప్పారు. దయామణి తన స్టూలు నా పక్కనుంచి లాక్కుని మంచం అవతలి వైపు వేసుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా పనులకి తిట్టింది, కొట్టబోయింది, నవ్వింది. అట్లా స్టూలు లాక్కోవడం అదే మొదలు.

"అయితే నిజంగా మీరే" అంది వెన్నెల.

"నేనేనమ్మా. తిను తల్లీ."

తను చెయ్యి చాపలేదు. కోపంగా కూడా లేదు. సండే స్కూల్లో పిల్లలకి చెప్పినట్టే నెమ్మదిగా అడిగింది. "అన్ని కార్డులూ మీరే గదా మామయ్యా కోసింది. మంచి మాటొస్తే దేవుడిది, ఇదొస్తే మీదా? అన్ని కార్డులుంటే ఆయన పేరు మీద చెయ్యి పెట్టినప్పుడే ఇది ఎందుకొచ్చింది?"

అయ్యగారికి కబురు పెట్టాను. అయ్యగారు వచ్చారు. దేవుని మాట సోదె కాదమ్మా, ఒక మనిషి చేసిన తుంటరి పనికి ఆయన చెయ్యి అద్దె ఇవ్వడు అని చాలా బాగా చెప్పారు. వెన్నెల తల ఊపింది. ఇడ్లీ ముట్టలేదు.

రెండున్నర దాటాక క్రాంతి డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. కనుబొమల మీద సిమెంటు దుమ్ము. అన్నీ విన్నాడు. ఫోన్ వెనక కవరులోంచి మంచి కార్డు తీసి చూసుకుని, పెళ్లాం వైపు చూశాడు. ఆమె తల పక్కన చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్ను వరండాలోకి రమ్మన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మా నాన్న పోయిన రోజు కాలేజీకొచ్చి చెప్పింది నువ్వే బాబాయ్. నేను నమ్మలా. ఎగతాళి చేస్తన్నావనుకుని నవ్వా. గుర్తుందా?"

గుర్తుంది. ఆరేళ్లుగా ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"రేపు పొద్దున బెల్టెక్కాలి నేను. అది నువ్వేసిన కార్డని తెలుసు. తెలిసినా కాళ్లు వణుకుతన్నయి" అన్నాడు. అని, దుమ్ము కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇక నేను వెళ్లాల్సిన ఇల్లు ఒకటే మిగిలింది. ఇన్నయ్య గారు నాలుగింటికి మంచం మీద కూర్చుని చేతికి బీపీ పట్టీ చుట్టుకుంటున్నాడు. నన్ను చూడగానే జేబులో ఏం తెచ్చావురా అన్నాడు, పోయిన ఏడాది పట్టు పురుగు తెచ్చిన సంగతి గుర్తుంచుకుని. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు, ఏం రాశావు అని. చెప్పాను. పట్టీ చుట్టిన చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. మొహంలో రక్తం దిగిపోయింది. రెండో చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. నేను చేసిన పని ఇప్పుడు, నా కళ్ల ముందే, అది వెళ్లాల్సిన చోటికి చేరుకుంటోంది అనిపించింది.

ఎంతసేపటికో పట్టీ విప్పుకున్నాడు. "నా చెప్పులు యాడ దాచావురా" అన్నాడు.

దాచలేదు. ఆయన పాదాల ముందే ఉన్నాయి. ఆయనకి కనపడటం లేదు. వంగి తొడిగాను.

నర్సింగ్ హోం దాకా నాకంటే ముందు నడిచాడు. లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడి చెయ్యి చాపాడు. "అమ్మాయ్, నా కార్డు నీ దగ్గరుందంట. ఇచ్చెయ్."

వెన్నెల దాన్ని గుప్పిట్లో బిగించింది. అది మంచిది కాదు తాతయ్యా, మీకొద్దు అంది.

"మంచిదో చెడ్డదో, నాకేసింది. కుడిపక్క మొదటి కార్డు నాది, ఇరవై ఏళ్లనుంచీ. వీడికి ఆ సంగతి తెలిసే అక్కడ పెట్టాడు. అయ్యగారు వరస మార్చకపోతే నా చేతికొచ్చేదే. మీ ఆయనకి ఇయ్యదలుచుకుంటే దేవుడు మీ ఆయన వరసలోనే పెట్టేవాడు గదా, నా వరసలో ఎందుకు పెడతాడు?"

వెన్నెల ఆలోచించింది. ఆమె మొహంలో ఏదో కొంచెం సడలడం నేను చూశాను. అంతలోనే మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మీకేమన్నా అయితే అంది.

"నాకు అరవయ్యెనిమిది. ఈ మాట నాకు ఇయ్యాల కాకపోతే రేపొచ్చేదే. భయం లేదనుకోబాక. చానా భయం. అందుకే ఏటా అందరికన్నా ముందు ఉరికి మంచిది తీసుకునేవాణ్ణి." చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఇల్లు సర్దుకోమన్నాడు. నేను సర్దుకోవాల్సిందే. నువ్వేం సర్దుతావు, నీ ఇల్లు ఇంకా మొదలే కాలా."

వెన్నెల గుప్పిట విప్పింది. ఇన్నయ్య కార్డు తీసుకుని, చదివి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి లామినేషన్ చేయించిన తన కార్డు, కొట్లు నిండుతాయన్నది, ఆమె చేతిలో పెట్టాడు. నలభై రోజులని ప్రభువుతో అన్నాను తాతయ్యా, పద్దెనిమిదే అయ్యాయి, మాట తప్పినట్టే గదా అని వెన్నెల గొణిగింది.

ఇన్నయ్య నా వైపు వేలు చూపించాడు. "మిగతా ఇరవై రెండూ వీడు చేస్తాడు."

గదిలో అందరూ నన్ను చూశారు. నా గురించి ఒక మాట అంటే ఎవరో ఒకరు నవ్వకుండా ఉండటం నేను ఎరగను. ఎవరూ నవ్వలేదు. చేస్తానన్నాను. క్రాంతి ఇడ్లీ తుంచి వెన్నెల నోటి దగ్గర పెట్టాడు. ఆమె నమలడం మొదలుపెట్టింది. ఇన్నయ్య గారు మూడు ఇడ్లీలూ అయిపోయేదాకా నిలబడే ఉన్నాడు. జేబు మీద చెయ్యి తీయలేదు.

ఆ ఇరవై రెండు రోజులూ చేశాను. సాయిబు గారు టీ తాగాలంటే నాకు కనపడకుండా మిషన్ వెనక్కి వెళ్లేవారు. మొదటి వారం కళ్లు తిరిగాయి. తర్వాత తిరగడం మానేసి, పగలంతా ఖాళీ కడుపులో ఆ కార్డు మాట ఒక్కటే తిరిగేది. రోజూ మధ్యాహ్నం వెన్నెలతో పాటు నేనూ సెంటర్లో నిలబడ్డాను. క్రాంతి దిగేవాడు.

జూన్ నెలాఖరుకి ఆడపిల్ల పుట్టింది. కొంచెం బరువు తక్కువ, గొంతు మాత్రం గుడి మైకంత. క్రాంతి మామూలుగానే బెల్టు దగ్గరికి వెళ్లి వస్తున్నాడు. దయామణి తన స్టూలు మళ్లీ నా పక్కకి తెచ్చుకుంది, కాకపోతే కొంచెం ఎడంగా.

ఇన్నయ్య గారు మాత్రం నిజంగానే ఇల్లు చక్కబెట్టుకుంటున్నాడు. తొమ్మిదేళ్లుగా మాటల్లేని తమ్ముడి ఇంటికి మాచర్ల వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చాడు. తన పుస్తకాలన్నీ సండే స్కూలుకి ఇచ్చేశాడు. గేటుకి రంగు వేయించాడు. సమాధుల తోటలో భార్య పక్కన జాగా శుభ్రం చేయించాడు. నా కార్డుని ఫ్రేము కట్టించి మంచం ఎదురుగా పెట్టుకున్నాడు. మొహం తేటపడిందని సంఘమంతా అంటున్నారు. బీపీ మిషన్ కూడా ఎవరికో ఇచ్చేశాడు. ఆయన ఒక్కొక్కటి సర్దేస్తుంటే నాకు భయమేస్తోంది. ఇంకేం మిగిలింది సర్దడానికి?

అందుకని రోజూ పొద్దున్నే వెళుతున్నాను. ఆయన కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లగానే ఏదో ఒకటి చెడగొట్టి వస్తాను. గోడ మీద ఫొటో పక్కకి వాలుస్తాను. కేలెండర్ కాగితం తిప్పేస్తాను. ఒక చెప్పు మంచం కిందకి తోస్తాను. ఇల్లు ఇంకా చక్కబడలేదని ఎవరైనా చూస్తే కనపడాలి. నిన్న కుర్చీ తలకిందులు చేసి వచ్చాను. ఆయనకి తెలుసు. మర్నాటికి అన్నీ సరిగ్గా పెట్టుకుని తలుపు తీస్తాడు.

ఈ మధ్య తలుపు కొంచెం కొంచెం ఆలస్యంగా తీస్తున్నాడు. కావాలనే చేస్తున్నాడని నా అనుమానం. ఇలాంటివి చేసిన చెయ్యి కాబట్టి నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం. ఈ పొద్దున ఆరు దాటింది, పది నిమిషాలైంది, పావుగంటైంది. పాలవాడు పెట్టిన ప్యాకెట్టు మెట్టు మీదే ఉంది. రెండుసార్లు తలుపు కొట్టాను. మూడోసారి చెయ్యి ఎత్తాను గానీ కొట్టలేకపోయాను. కార్డు మాట చెల్లే డిసెంబరు ఆఖరు దాకా ఎన్ని పొద్దులున్నాయో లెక్కపెట్టుకుంటూ మెట్టు మీద కూర్చున్నాను.

లోపల, కుర్చీని ఎత్తి నిలబెట్టిన చప్పుడు వినిపించింది.